పిల్లల పెంపకము – పాటల కాలము: సారంగాపూర్ సీమ స్త్రీల కళాచరిత్రపై ఒక పరిశీలన

1934లో సురవరము ప్రతాపరెడ్డిగారు ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించిరి. తెలంగాణమున కవులు లేరన్న నిందకు వారు వాదముతో సరిపెట్టుకొనలేదు. కవులను లెక్కించి చూపిరి. ఆ సంచికలో 354 మంది కవుల రచనలు చోటుచేసికొన్నవి. మన సాహిత్య చరిత్రలో ఇంత సూటియైన సమాధానము అరుదు. ఐనను ఆ సంచికను నేడు తిరుగవేసిన పరిశోధకునకు ఒక సందేహము కలుగక మానదు. అందు స్త్రీల సంఖ్య మిక్కిలి స్వల్పము. ఆనాడు ఈ ప్రాంతమున స్త్రీలు కవిత్వము చెప్పలేదా? చెప్పినచో ఆ కవిత్వ మెక్కడ నున్నది? చెప్పనిచో దానికి కారణమేమి?

సాధారణముగా చెప్పబడు కారణము చదువు లేకపోవుట. అది నిజమే. నిజాము రాజ్యమున బాలికల పాఠశాలలు పట్టణములలోనే కొలదిగా నుండెను. పల్లెల సంగతి చెప్పనక్కరలేదు. కాని చదువు వచ్చిన స్త్రీలందరును రచయిత్రులు కాలేదు. చదువు రాని స్త్రీలు మాత్రము దీర్ఘమైన కథాగేయములను తరతరములుగా నోటనే నిలిపిరి. కావున చదువుతోపాటు మరియొక కారణమును గూడ వెదుకవలసియున్నది. అది కాలము. చంకలో బిడ్డయు, పొయ్యిమీద కుండయు నున్న స్త్రీకి కళకై కాలము ఎక్కడనుండి వచ్చినది? ఈ ప్రశ్నను జగిత్యాల ప్రాంతములోని సారంగాపూర్ సీమను ఆధారముగా గొని పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఇది మన దేశమునకు మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు. ఆంగ్ల రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 1929లో ప్రకటించిన ప్రసిద్ధ గ్రంథమున, స్త్రీ రచన చేయవలెనన్నచో ఏటికి 500 పౌనుల రాబడియు, తనకంటూ ఒక గదియు నుండవలెనని వాదించెను. 1938లో సిరిల్ కొనోలీ అను విమర్శకుడు ఇంటి ముంగిట నిలిచిన పసిపిల్లల బండిని మంచి కళకు శత్రువులలో నొకటిగా పేర్కొనెను. నలుగురు కుమార్తెలను పెంచిన అమెరికా రచయిత్రి టిల్లీ ఓల్సన్ 1978లో ప్రకటించిన గ్రంథమునకు ‘మౌనములు’ అను అర్థమిచ్చు పేరు పెట్టెను. రచయితలు, ముఖ్యముగా తల్లులైన రచయిత్రులు, వ్రాయవలసియుండియు వ్రాయలేకపోయిన వాటిని గూర్చి ఆమె అందు చర్చించెను. ఈ మువ్వురును కళను కాగితముతోను, ఏకాంతముతోను ముడిపెట్టిరి. కాగితముగాని ఏకాంతముగాని లేని ఇండ్లలో కళ ఎట్లు సాగినదో తెలిసికొనుటకు మన పల్లెలే మంచి సాక్ష్యము.

లిఖిత సాహిత్యమున తల్లి

మొదట మన లిఖిత సాహిత్యమును చూతము. పూర్వ కవయిత్రుల పట్టికలో సాధారణముగా పేర్కొనబడువారు తాళ్లపాక తిమ్మక్క, మొల్ల, రంగాజమ్మ, ముద్దుపళని, తరిగొండ వెంగమాంబ. వీరి జీవితములను కాలము దృష్టితో పరిశీలించినచో ఒక విశేషము గోచరించును. మొల్ల తన రామాయణావతారికలో తండ్రియైన కేశనను స్మరించినది. భర్తను గాని బిడ్డలను గాని పేర్కొనలేదు. రంగాజమ్మ తంజావూరున విజయరాఘవ నాయకుని ఆస్థానమునకు చెందినది. ముద్దుపళని అదే నగరమున ప్రతాపసింహుని కొలువులో నుండిన కళావంతుల కుటుంబమునకు చెందినది. వెంగమాంబ బాల్యముననే భర్తను గోల్పోయి, తన జీవితమును భక్తికిని రచనకును అంకితము చేసినది. ఈ నలుగురిలో గృహిణిగా, పసిబిడ్డల తల్లిగా మనకు దర్శనమిచ్చువారు లేరు. వీరి ప్రతిభను తగ్గించుటకై ఈ మాట చెప్పుటలేదు. సామాన్య గృహిణికి విధింపబడిన దినచర్యనుండి ఏదో యొక విధముగ వెలుపల నుండినవారి రచనలే మనదాక వచ్చినవని మాత్రమే దీని తాత్పర్యము.

ఈ పట్టికలో స్పష్టముగా తల్లియైనది తిమ్మక్క యొక్కతె. ఆమె అన్నమాచార్యుని భార్య; నరసింగన్నకు తల్లి; ‘సుభద్రా కల్యాణము’ ఆమె కృతి. ఆమెకు గల సౌకర్యమును మరువరాదు. ఆ ఇంట భర్త కవి, సవతి కుమారుడైన పెద తిరుమలాచార్యుడు కవి, తరువాతి తరమువారును కవులే. వారి సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయ భాండారమున భద్రపరుపబడినవి. రచన ఆ ఇంటి వృత్తి. వంట వలెనే పాటయు దినకృత్యమైన ఇంట తల్లి రచన నిలిచినది. ఆమె గ్రహించిన ఛందస్సును గూడ గమనింపదగును. ‘సుభద్రా కల్యాణము’ మంజరీ ద్విపదలో నడచినది. ద్విపదకు గల ప్రాస నియమము మంజరికి లేదు. అది రెండేసి పాదములుగా సాగుచు, ఎక్కడ నిలిపినను మరల అందుకొనుటకు వీలైనది, పాడుకొనుటకు అనువైనది. తిమ్మక్క ఈ కారణము చేతనే మంజరిని ఎన్నుకొన్నదని నిరూపింపజాలము. కాని స్త్రీల పాటలలో ఇట్టి గుణమే మాటిమాటికి కనబడుచున్నది. దానిని పరిశీలించుటకు పల్లెకు పోవలెను.

సారంగాపూర్ సీమ: పనియు పాటయు

సారంగాపూర్ జగిత్యాల జిల్లాలోని మండల కేంద్రము. 2016 అక్టోబరు 11న జగిత్యాల జిల్లా ఏర్పడు వరకు ఇది కరీంనగర్ జిల్లాలో నుండెను. ఉత్తరమున గోదావరి, ఆ తీరముననే నరసింహ క్షేత్రమైన ధర్మపురి. పడమట కోరుట్ల, దక్షిణమున నేతపనికి పేరుపొందిన సిరిసిల్ల. వరి, మక్క, పసుపు ఇచ్చటి ముఖ్యమైన పంటలు. శ్రీరాంసాగర్ కాలువ నీరు పారిన పిమ్మట ఈ ప్రాంతమున వరిసాగు విస్తరించినది. ఇట్టి సీమలో స్త్రీకి వంట, నీరు, పశువులు, పొలము, పిల్లలు ఒకే దినములోని పనులు.

తెలుగున ‘పనిపాటలు’ అను జంటపదము కలదు. పనీపాటా లేనివాడని సోమరిని నిందింతురు. పనిని, పాటను భాషయే ఒక ముడిలో బంధించినది. ‘పాటు’ అనగా శ్రమ అను అర్థమునుండి ఈ పదము వచ్చినదని కొందరు చెప్పుదురు. ఐనను వినువారి చెవికి అది పాటగనే తోచును. పల్లె స్త్రీల విషయమున ఈ జంట అక్షరాల నిజము. తెల్లవారుజామున విసురురాయి చుట్టును, దంచునపుడు రోకలి పోటుతోను, నాటువేయునపుడు మడిలో వరుసగా వంగిన నడుములతోను, రాత్రి ఊయల ఊపుతోను పాట నడచినది. బిరుదురాజు రామరాజుగారు 1958లో ప్రకటించిన ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ మొదలుకొని మన పరిశోధకులు ఈ పాటలను శ్రమగేయములు, స్త్రీల పాటలు, పిల్లల పాటలు, కథాగేయములు అని విభజించి పరిశీలించిరి. ఆ విభజన శాస్త్రమునకు అవసరమే. కాని పాడిన స్త్రీ దినచర్యలో ఆ విభాగములు విడివిడిగా లేవు. విసరుచున్న తల్లి ఒడిలో బిడ్డ యుండెను. ఆ పాట శ్రమగేయమును నగును, జోలపాటయు నగును.

కావున మొదటి అంశమిది. ఈ స్త్రీలు కళకై పనినుండి కాలమును వేరుచేసికొనలేదు. అట్టి అవకాశము వారికి లేదు. చేతులను మాత్రమే కోరి, మనస్సును విడిచిపెట్టు పనులు కొన్ని కలవు. విసరుట, దంచుట, ఊయల ఊపుట ఇట్టివి. వీటికి లయ కలదు, లెక్క లేదు. ఆ పనులలో మనస్సునకు దొరికిన ఖాళీలోనే పాట పుట్టినది. దీనిని విశ్రాంతిగా భ్రమపడరాదు. బరువైన రాతిని తిప్పుచు పాడుట సుఖము కొరకు కాదు, అలసటను ఓర్చుటకు. ఐనను ఓర్పు కొరకు పుట్టిన పాటలో కల్పన యున్నది, హాస్యమున్నది, అత్తపై వ్యంగ్యమున్నది, పుట్టింటి తలపున్నది. కళకు ఇంతకంటె వేరు లక్షణము కోరనక్కరలేదు.

ఆగి మరల సాగు నిర్మాణము

రెండవ అంశము పాట నిర్మాణమునకు సంబంధించినది. పసిబిడ్డ గల తల్లికి కాలము లేదనుట పూర్తి సత్యము కాదు. ఆమెకు కాలము తునుకలుగా నున్నది. ఏ తునుక ఎప్పుడు తెగునో ఆమెకు తెలియదు. బిడ్డ ఏడ్చినచో పాట ఆగవలెను. ఊరుకొన్నచో మరల సాగవలెను. ఈ స్థితికి తగిన కళారూపమునకు మూడు గుణములు కావలెను: ఎక్కడనైనను ఆగగలుగుట, ఆగినచోటనే అందుకొనగలుగుట, కొంత మరచినను చెడకుండుట.

మన జోలపాటలయందు ఈ మూడు గుణములును కలవు. ప్రతి చరణమును తనంతట తాను పూర్తియైనది. చరణముల క్రమము మారినను పాట చెడదు. తరువాతి మాట తోచనపుడు ‘జోజో’ యనియు ‘లాలి’ యనియు పల్లవిని రెండుమారులు పలికి, ఆ వ్యవధిలో కొత్త చరణమును కట్టుకొనవచ్చును. పల్లవి ఇచ్చట అలంకారము మాత్రమే కాదు. తల్లికి ఊపిరి తీసికొను తావు. బిడ్డ మేలుకొన్నచో పల్లవి దీర్ఘమగును, నిద్రించినచో పాట ముగియును. పాట నిడివిని నిర్ణయించునది కవయిత్రి కాదు, శ్రోతయే. ఆ శ్రోత ఊయలలో నున్నాడు. అన్నమాచార్యుడు మొదలైన వాగ్గేయకారులు దేవుని శిశువుగా భావించి జోలలు కట్టుటకు ఈ ఇంటి బాణీయే మూలమై యుండునని తలచుట అసంగతము కాదు.

దీర్ఘకథల విషయము వేరు. స్త్రీల రామాయణపు పాటలలో కౌసల్య వేవిళ్లు, ఆమె ప్రసవ వేదన, సీత కల్యాణము, ఊర్మిళ నిద్ర, లవకుశుల కథ ప్రత్యేకముగా కనబడును. వెల్చేరు నారాయణరావుగారు 1991లో ప్రకటించిన ఆంగ్ల వ్యాసమున ఈ పాటలను విశ్లేషించుచు, యుద్ధమునకంటె స్త్రీల అనుభవములకు ఇవి ప్రాధాన్య మిచ్చునని చూపిరి. పుట్టుక, పురుడు, వేవిళ్లు వాల్మీకిలో అల్పముగ నుండగా, ఈ పాటలలో వివరముగా వర్ణింపబడినవి. బిడ్డల పెంపకము కళకు అడ్డుపడినదని మాత్రమే చెప్పువారు దీనిని ఆలోచింపవలెను. పెంపకము కాలమును హరించినది, వస్తువు నిచ్చినది. పదునాలుగేండ్లు నిద్రించిన ఊర్మిళ కథ నిద్రకు నోచని తల్లులకు ఎందుకంత ప్రియమైనదో ఊహించుట కష్టము కాదు. ఈ పాటలు ఒకేమారు ఆమూలాగ్రముగ పాడబడవలెనన్న నియమము లేదు. పేరంటమున కొంత, మధ్యాహ్నమున కొంత, ఒకరు మరచినది మరియొకరు అందించుచు సాగినవి. కృతి ఒకరి జ్ఞాపకములో గాక నలుగురి జ్ఞాపకములో నిలిచినది.

ఊరు కేటాయించిన కాలము: బొడ్డెమ్మ, బతుకమ్మ

ఇంతవరకు చెప్పినది పనిలోనుండి దొరకిన కాలము. మూడవ అంశము, నా దృష్టిలో మిక్కిలి ముఖ్యమైనది, సమాజమే స్త్రీలకు కేటాయించిన కాలము. దానికి తెలంగాణమునందు ఉత్తమ దృష్టాంతము బతుకమ్మ.

భాద్రపద మాసపు కృష్ణపక్షమున కన్నెపిల్లలు బొడ్డెమ్మ ఆడుదురు. పుట్టమన్నుతో మెట్లుగా బొడ్డెమ్మను చేసి, పూలతో అలంకరించి, చుట్టు తిరుగుచు పాడుదురు. పెండ్లికి ముందే, బిడ్డల బాధ్యత రాకముందే పాటలు నేర్చుకొను పాఠశాల యది. తదుపరి మహాలయ అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, తొమ్మిది దినములు సాగి, సద్దుల బతుకమ్మతో పండుగ ముగియును. ఆరవనాడు అలిగిన బతుకమ్మ. ఆనాడు ఆట యుండదు. తంగేడు, గునుగు, బంతి మొదలగు పూలను వరుసలుగా పేర్చుట శిల్పకళ, చప్పట్ల లయతో వలయముగా తిరుగుట నృత్యము, పాట కవిత్వము. ఈ మూడును పల్లె స్త్రీ చేతిలో ఒక సాయంకాలముననే కలియుచున్నవి. 2014లో తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించినది.

ఈ పండుగ నియమములను కాలము దృష్టితో చూడవలెను. ఆ సాయంకాలములందు కోడలు బయటకు పోవుటను అత్త కాదనజాలదు. కాదన్నచో లోకాపవాదము వచ్చును. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డకు పనినుండి విడుదల. పాట చెప్పునది ఒకతె. మిగిలినవారు పల్లవి నందుకొందురు. పల్లవి నందుకొనుటకు జ్ఞాపకము అక్కరలేదు, చేతులు ఖాళీగా నుండనక్కరలేదు. కావున చంకన బిడ్డ గల స్త్రీయు వలయము పక్కన నిలిచి పాటలో పాల్గొనవచ్చును. బిడ్డ నిద్రించినచో అవ్వకు అప్పగించి వలయములో చేరవచ్చును. తల్లిని వేరుచేయని కళారూపమన నిట్లుండవలెను.

ఆ పల్లవులలో బహుళ ప్రచారము గలది ‘ఉయ్యాలో’ అను మాట. ఊయలకు వాడు పదమే పండుగ పాటకు పల్లవియైనది. ఇది యాదృచ్ఛికమా? పండుగ కథను తలచుకొన్నచో కాదనిపించును. ప్రచారములో నున్న కథ ప్రకారము, చోళదేశపు రాజు ధర్మాంగదుడును, అతని భార్య సత్యవతియు నూరుగురు కుమారులను గోల్పోయి తపమొనరింపగా, లక్ష్మి వారికి కుమార్తెగా జన్మించినది. ఋషులు ఆ బిడ్డను బతుకమ్మయని దీవించిరి. ‘బతుకు’ అనునది ఇచ్చట తత్త్వము కాదు. పుట్టిన బిడ్డ దక్కవలెనన్న తల్లి కోరిక. అఖిలభారత గణాంకముల ప్రకారము 1971 నాటికిని పుట్టిన వేయిమంది శిశువులలో 129 మంది ఏడాది నిండకయే మరణించుచుండిరి. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గినది. అంతకు పూర్వము పల్లె తల్లికి ఊయల యనగా ఆనందము ఎంతయో భయమును అంతయే. తొమ్మిది సాయంకాలముల ఈ పాట ఆ భయమును నలుగురితో పంచుకొను మార్గమైనది. కళ పెంపకమునకు పోటీగా గాక, పెంపకములోని గుబులునుండియే పుట్టినది.

ఈ సందర్భమున రెండు విషయములను దాచరాదు. మొదటిది: అన్ని ఊళ్లలో అన్ని కులముల స్త్రీలును ఒకే వలయమున ఆడిరని చెప్పుటకు వీలులేదు, ఊరికిని వాడకును మధ్య నుండిన దూరము పండుగనాడును నిలిచినది. రెండవది: తల్లి పాడునపుడు చంటిబిడ్డను ఎత్తుకొన్నదెవరు? అవ్వ యున్నచో అవ్వ. లేనిచో ఇంటి పెద్ద ఆడపిల్ల. తల్లికి దొరకిన కాలము పలుమారులు అక్క బడినుండియు, ఆటనుండియు తీసికొన్న కాలమే. ఈ వెలను లెక్కింపక పూర్వకాలమును పొగడుట చరిత్ర కాజాలదు.

ఇంటిల్లిపాదియు కళాకారులైన చోట ఈ సమస్య వేరు రూపము దాల్చినది. ఉత్తర తెలంగాణమున చిందు భాగవతులు కుటుంబములతో సహా ఊరూర తిరిగి ఆడుదురు. స్త్రీలు వేషములు కట్టుదురు. పిల్లలు తెర చాటున పెరిగి రంగమెక్కుదురు. నిజామాబాదు ప్రాంతపు సుప్రసిద్ధ కళాకారిణి చిందు ఎల్లమ్మ బాల్యముననే వేషము కట్టి, 2005లో మరణించు నాటికి ఆ కళకు ప్రతినిధిగా గౌరవింపబడినది. తాళ్లపాక ఇంటికిని చిందు గుడారమునకును కులములో, సంపదలో ఎంతయో అంతరము కలదు; కాని కళయే ఇంటిపనియైనచోట తల్లి కళకు దూరము కాలేదన్న సూత్రము రెంటికిని సమానము.

అచ్చు వచ్చిన పిమ్మట

అచ్చుయంత్రము వచ్చినతోడనే కళకు కావలసిన కాలము స్వరూపము మారినది. పాటను చేతులు పనిలో నుండగనే పాడవచ్చును. వ్రాతకు చేయి, కన్ను, కూర్చుండు తావు కావలెను. ఒడిలోని బిడ్డ పాటను వినును, కాగితమును లాగును. ఇచ్చట వుల్ఫ్ చెప్పిన గది యొక్క అవసరము మన స్త్రీలకును కలిగినది.

బండారు అచ్చమాంబ జీవితము దీనికి తార్కాణము. ఆమె 1874లో కృష్ణాతీర ప్రాంతమున జన్మించి, పదేండ్ల ప్రాయముననే వివాహితయై, భర్త ఉద్యోగరీత్యా మధ్యపరగణాలలో నివసించినది. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఆమె ఇంట నుండి చదువుకొనుచుండగా, అతని తోడ్పాటుతో ఆమె తెలుగు, హిందీ మొదలగు భాషలు నేర్చినది. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ మొదటి భాగము 1901లో వెలువడినది. 1902లో ‘హిందూ సుందరి’ పత్రికలో వచ్చిన ఆమె ‘ధనత్రయోదశి’ని తెలుగు కథానికలలో తొలివాటిలో నొకటిగా నేటి పరిశోధకులు పరిగణించుచున్నారు. ఆమె బిడ్డలు ఇరువురును పసితనముననే మరణించిరి. ఆమె అనాథ బాలబాలికలను చేరదీసి పెంచినది. 1905లో తానును గతించినది. ఆ దుఃఖమే ఆమెకు కాలమిచ్చినదని చెప్పుట క్రూరమును, నిరాధారమును నగును. కాని పరుల బిడ్డలను పెంచుచు, పూర్వ స్త్రీల చరిత్రలను సమకూర్చిన ఆమె గ్రంథమును బతుకమ్మ కథ పక్కన నుంచి చదివినచో, ఆ తరము తల్లులకు కళ యెందుకు కావలసివచ్చెనో బోధపడును.

తరువాతి తరమున కనుపర్తి వరలక్ష్మమ్మ (1896–1978) ‘గృహలక్ష్మి’ పత్రికలో ‘శారద లేఖలు’ వ్రాసినది. లేఖ అనునది ఒక స్నేహితురాలితో మాటాడినట్లు సాగు రూపము. మధ్యలో నిలిపి మరునాడు అందుకొనినను చెడదు. నోటి పాటలోని ఆగి సాగు గుణము వ్రాతలో లేఖగా మారినదని నేను భావించుచున్నాను. ఆమె 1931లో బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలిని స్థాపించుటయు గమనింపదగినది. ఒంటరి గదికి మారుగా నలుగురు కూడు మండలిని కోరుకొనుట బతుకమ్మ వలయమునకు దూరమైనది కాదు.

గిర్ని, బీడీ చాట

సారంగాపూర్ సీమకు మరలి వచ్చినచో, అచ్చుకంటె ముందుగా స్త్రీల పాటను తాకినది గిర్ని. పిండి గిర్ని ఊరికి వచ్చుటతో విసురురాయి మూలపడినది. స్త్రీ నడుముకు అది మేలే చేసినది. దానితోపాటు తెల్లవారుజాము పాట తన తావును గోల్పోయినది. యంత్రము మిగిల్చిన కాలము ఆమెకు మిగులలేదు. దానిని మరియొక పని ఆక్రమించినది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతములలో వేలాది స్త్రీలకు ఆ పని బీడీ.

తునికాకును నానబెట్టి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారము కట్టి, మూతి మడచుట ఇంటనుండియే చేయదగిన పని. పక్కన బిడ్డ నిద్రించును. ఒడిలో చాట యుండును. పైకి చూచినచో ఇది విసురురాయి వంటిదే: చేతులకు పని, మనస్సునకు ఖాళీ. కాని ఒక భేదమున్నది. విసరుటకు లయ కలదు, లెక్క లేదని ముందే చెప్పితిని. బీడీకి లెక్కయే ప్రాణము. కూలి వేయి బీడీల లెక్కన ముట్టును. సరిగా లేనివి తీసివేయబడును. మనస్సు లెక్కలో చిక్కుకొనినపుడు పాట కట్టుట కష్టము. 1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టము వచ్చినది. స్త్రీలు అధిక సంఖ్యలో పనిచేయు కార్ఖానాలలో వారి పిల్లలకొక గది యుండవలెనని ఆ చట్టము నిర్దేశించినది. ఇంటిలో కూర్చుండి చుట్టు స్త్రీకి ఆ గది వర్తింపదు. ఆమె ఇల్లే కార్ఖానా, ఆమె ఒడియే పిల్లల గది.

1970ల తరువాత ఈ సీమనుండి పురుషులు గల్ఫు దేశములకు వలసపోవుట పెరిగినది. భర్త దూరమున నుండగా పిల్లల చదువు, అప్పు, పొలము, బీడీ అన్నియు ఒక్క స్త్రీపై పడినవి. ఐనను పాట పూర్తిగా నశింపలేదు. వలస, అప్పు, ఎదురుచూపు కొత్త వస్తువులై పాటలలోనికి వచ్చినవి. బతుకమ్మ సాయంకాలములు నేటికిని నిలిచియున్నవి. అవి ఎందుకు నిలిచినవో గమనింపవలెను. ఏ యంత్రమును, ఏ కూలి లెక్కయు ఆక్రమింపజాలని కాలమును ఊరంతయు కలిసి స్త్రీలకు విడిచిపెట్టినది. ఒంటరి స్త్రీ పనిలోనుండి దొంగిలించుకొన్న కాలము పని మారగనే పోయినది. ఊరు ఇచ్చిన కాలము పోలేదు. ఈ వ్యాసము చెప్పదలచిన ముఖ్య విషయ మిదియే.

పరిశోధకులకు ఒక మనవి

ఇంతవరకు జరిగిన సేకరణలలో పాటలు గ్రంథస్థమైనవి. పాడినవారి పేరు, దినచర్య తరచుగా గ్రంథమున కెక్కలేదు. జానపద గేయమునకు కర్త లేడను సూత్రము దీనికి కొంత కారణము. సూత్రము సరియైనదే కావచ్చును. కాని కర్త తెలియకున్నను, పాటను నిలిపిన స్త్రీ ఎదురుగా కూర్చుండి పాడుచున్నది గదా! ఆమెను పాట మాత్రమే అడిగి వచ్చుట చాలదు. ఈ పాటను ఎవరినుండి, పెండ్లికి ముందా తరువాతనా నేర్చినావు? ఏ పని చేయుచు పాడుదువు? అప్పుడు నీ బిడ్డను ఎవరు పట్టుకొనిరి? ఏ చరణమును మరచితివి, ఎప్పటినుండి? నీ కూతురు దీనిని పాడునా? ఈ ప్రశ్నలకు వచ్చు సమాధానములు పాఠాంతరములకంటె తక్కువ విలువ గలవి కావు. కొన్ని చరణములు ఎందుకు జారిపోయినవో, కొన్ని పాటలు ఎందుకు పొట్టివైనవో వీటినుండియే తెలియును.

కోరుట్ల, సారంగాపూర్, సిరిసిల్ల ప్రాంతములనుండి వచ్చిన విద్యార్థులు మన శాఖలలో చదువుచున్నారు. వారిలో పలువురి తల్లులు బీడీలు చుట్టియే వారిని చదివించిరి. పరిశోధనకు దూరప్రయాణము అక్కరలేదు. ఇంటి గడపలోనే ప్రారంభింపవచ్చును. తల్లి పాడిన పాటను వ్రాసికొనునపుడు ఆమె పేరును, ఊరును, ఆమె పెంచిన బిడ్డల సంఖ్యను ఆమె సమ్మతితో పక్కన వ్రాసికొనవలెను. తెలంగాణమున కవులు లేరన్నవారికి 354 పేర్లతో సమాధానము చెప్పబడినది. పిల్లలను పెంచుచు కళను నిలిపిన తల్లుల లెక్క యింకను మొదలు కాలేదు. ఆ లెక్కను ప్రారంభించుట మనవంతు.